బాల్ జాయింటుకు కుంకుమ బొట్టు

చెన్నకేశవరావు గారు ట్రాక్టరు కొని ఇరవై ఆరు రోజులైంది. దాని మీంచి పడి చనిపోయిన డ్రైవరు దేవపాలు వయసు ముప్పై నాలుగేళ్లు. పోలీసు కాగితాల్లో ట్రాక్టరుకు ఏ లోపమూ లేదనీ, లోపమంతా దేవపాలులోనే ఉందనీ తేల్చేశారు. తాగి నడిపాడని రాసి, కింద రబ్బరు స్టాంపు కొట్టారు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి ప్రొద్దుటూరులో పినాకిని ట్రాక్టర్ డిపో తలుపులు తీసేసరికి, డిటెక్టివ్ యూనుస్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. యూనుస్ ఒకప్పుడు మిలిటరీ వర్క్‌షాపులో మెకానిక్. ఇప్పుడు బట్టల కొట్టు మిద్దె మీద ఒక గదీ, దానికొక బోర్డూ ఉన్నాయి. ఏడాదికి ముప్పై కేసులొస్తే ఇరవై తొమ్మిది పెళ్లికొడుకులవే. కుర్రవాడి ఉద్యోగం పర్మనెంటా టెంపరరీనా, సాయంత్రాలు ఎక్కడికి పోతాడు, నెత్తి మీది జుట్టు సొంతదేనా అని కనుక్కోవడమే ఆయన పరిశోధన. ముప్పయ్యో కేసు గురువారం నాడు ఎలిజబెత్ తెచ్చింది.

తమ్ముడు పాలయ్యను వెంటబెట్టుకుని సింహాద్రిపురం అవతల పల్లె నుంచి వచ్చింది. తమ్ముడు నేల చూపులు చూస్తూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె కుర్చీలో కూర్చోనంది.

"నా మొగుడు తాగి సచ్చినాడంట అన్నా. ఆదివారం బడిలో పిల్లోళ్లకు సారాయి తాగొద్దని పాట నేర్పిచ్చిన మనిషి. సంఘపెద్దలు సావింట్లో చేసే ఆదరణ కూడిక గూడా నిలిపేసినారు. ఈ ఆదివారం గుడిలో సచ్చిపోయినోళ్ల ప్రార్థనలో ఆయన పేరు సదవల్లనా వద్దా అని తేలుస్తారంట. నాకు ట్రాక్టరోళ్ల కాడ్నించి ఏమీ వద్దు. తాగల్యా అని వొగ మాట రాయించు, అంతే."

ఆ ఆదివారం రేపే.

డిపో మెకానిక్ కమాల్ బాషా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"కమాల్ భాయ్, చెన్నకేశవరావు ట్రాక్టరుకు ఏం కంప్లయింటు వచ్చె?"

"మూడో దినమే వచ్చె. స్టీరింగు తిప్పితే బండి రోంతసేపు ఆలోచన చేసుకొని తిరుగుతాండె. దేవపాలే బస్సెక్కి ఈడికి వచ్చి చెప్పినాడు. పోయి సూస్తే బాల్ జాయింటు. చక్రానికీ స్టీరింగు రాడ్డుకూ నడమ మోకాలి చిప్ప మాదిరి ఉంటాదే, అది. గిన్నెలో గుండు బిర్రుగా కూసోవల్ల. ఇది ఊగులాడతాండె. పోత పోసేటప్పుడే తప్పు పోసినారు."

"మారిస్తివా?"

"మద్రాసుకు రాసి కొత్తది తెప్పించినా. సెప్టెంబరు ఇరవై నాలుగున తీసకపోయి ఇచ్చినా."

"ఇస్తివా, బిగిస్తివా?"

కమాల్ బాషా గుడ్డను ఇంకోవైపు తిప్పాడు. "ఇచ్చినా భాయ్. ఆ రోజు దినం మంచిది కాదు, మేమే బిగించుకుంటాం అన్యాడు రావుసారు. కార్డు మీద 'అమర్చబడినది' అని రాసి ఆయనే సంతకం చేసిచ్చె. తాలూకాఫీసులో హెడ్ క్లర్కు చేసి రిటైరైన మనిషి. ఆయన రాసినాక మెకానిక్కు మాటకు ఏం బరువు?"

"పాతది యాడుంది?"

"వాపసు పంపినాడు. అల్మారాలో ఉండాది."

స్టోరు పుస్తకంలో అది మంగళవారం పొద్దున చేరినట్టు ఉంది. బస్సు పార్సిల్ రసీదు మీద సోమవారం పదిన్నర అని ఉంది. సోమవారం విజయదశమి. పొద్దున ఏడు గంటలకు ట్రాక్టరు వొరిగిపోయిన రోజు.

పార్సిల్‌తో పాటు ఒక ఉత్తరం ఉంది. "అయ్యా, తమ గ్యారంటీ షరతులు నాలుగవ క్లాజు ప్రకారం లోపభూయిష్టమగు పాత భాగమును పద్నాలుగు దినముల లోపల వాపసు చేయవలసి యున్నందున ఇందుతో జతపరచి పంపడమైనది. ముట్టినట్లు రసీదు దయచేయగోరుతాను." కింద సంతకం, ఆ రోజు తేదీ. యూనుస్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు నుంచి పద్నాలుగో రోజు సరిగ్గా ఆ సోమవారమే. డ్రైవరు శవం ఇంకా పొలం గట్టు మీద ఉండగా, రావు గారు గడువు దాటనివ్వలేదు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒక్క ఫైలు కూడా పెండింగు పెట్టని మనిషి అని పేరు. అది నిజమే అయి ఉంటుంది.

యూనుస్ జాయింటును వెలుగులోకి పట్టాడు. గిన్నె అంచు చీలింది. గుండు పూర్తిగా ఊడిపోయింది. చీలిన చోట ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది.

"నువ్వు పోయిన నెల సూసింది ఇదేనా?"

కమాల్ బాషా చూసి, కళ్లు దించుకున్నాడు. "నేను సూసినప్పుడు ఊగులాడతాండె భాయ్. ఇది పగిలిపోయింది. విప్పి ఇంట్లో పెట్టుకుంటే పగలదు. బండికి ఉండి, పొలంలో పోతాంటేనే ఇట్ల పగుల్తాది."

"మంగళవారం నుంచి నీ అల్మారాలోనే ఉండాది. సూడల్యా?"

"ఎవురూ అడగల్యా."

యూనుస్ రసీదు రాసిచ్చి, జాయింటునూ ఉత్తరాన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కాడు. జమ్మలమడుగులో ఒకసారి, ముద్దనూరులో ఒకసారి బస్సు మారాడు. ముద్దనూరు నుంచి పల్లె మీదుగా పులివెందుల పోయే బస్సు కండక్టరు టికెట్ల పెట్టె మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. సోమవారం పొద్దున ఆ దారిన వచ్చిన బస్సు కూడా అతనిదే.

"సూసినా అప్పా. ఏడున్నర అయింటాది. ట్రాక్టరు గట్టు మీదికి పక్కకు వొరిగి ఉండె. వొగడు పానా పట్టుకొని ముందు చక్రం కింద తలకాయ పెట్టినాడు. మొగం కనపడల్యా. తెల్లచొక్కా ఆయన గొడుగేసుకొని పక్కన నిలబడినాడు. రిపేరీ చేస్తాండారు అనుకొంటిమి."

"అంతేనా? ఇద్దరేనా?"

"ఇంగొగడు గట్టు కింద నీడన పండుకొని ఉండె. మమ్మల్ని సూసి చెయ్యెత్తి ఊపినాడు. మా బస్సులో పిల్లోళ్లు గూడా అందరూ చెయ్యి ఊపిరి." కండక్టరు ఒక్క నిమిషం ఆగాడు. "యాల? ఎవురు వాడు?"

యూనుస్ సంచిని ఒళ్లోకి తీసుకున్నాడు. కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి కండక్టరు ఇంకేమీ అడగకుండా వెనక్కి పోయి కూర్చున్నాడు. దిగేటప్పుడు టికెట్టు డబ్బులు తీసుకోలేదు.

ట్రాక్టరును పొలంలోనే నాలుగు చక్రాల మీద నిలబెట్టి కాపలా పెట్టారు. సీటుకు డిపోవాళ్లు చుట్టిన కాగితం ఇంకా విప్పలేదు. స్టీరింగు చక్రానికి రావు గారి భార్య పూల గుడ్డతో గలీబు కుట్టింది. ముందు దీపాలకు రెండు సంచులు తొడిగారు. చిలుమూ, ఎండా, దిష్టీ తగలకుండా అన్ని ఏర్పాట్లూ జరిగాయి. నడిపేవాడి సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని ఎస్సై రంగనాయకులు కూర్చుని ఉన్నాడు. తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చిన రోజు నుంచీ తిరిగి బదిలీ కోసమే ఎదురు చూస్తున్నాడు.

"ఏంటయ్యా, పెళ్లిళ్ల డిటెక్టివూ! ట్రాక్టరుకి సంబంధం చూడ్డానికొచ్చావా?"

"ముందు గుణగణాలు ఇచారించల్ల కద సార్."

"విచారించేశాం. బ్రేకు బాగుంది, స్టీరింగు బాగుంది. డిపో నుంచి ఫోనొచ్చింది, ఆ బాల్ జాయింటో ఏదో అంటున్నావంట, అదీ నిగనిగలాడతా కొత్తగా ఉంది. డ్రైవరు కడుపులో సారా ఉందని డాక్టరు రాశాడు. ఇంకేం కావాలి నీకు? నిషేధం ఉన్నా మీ సీమలో సారా దొరకని పల్లె చూపించు."

జిల్లాలో మద్యనిషేధం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటి నుంచి సారాయి పల్లెల్లో తప్ప ఎక్కడా దొరకడం లేదు.

యూనుస్ చొక్కా విప్పి చెట్టుకు తగిలించి, బనీను మీద ట్రాక్టరు కిందికి దూరాడు. అయిదు నిమిషాల తర్వాత చక్రం సందు నుంచి ఆయన గొంతు వినిపించింది.

"సార్, రోంత ఈడికి రండి. యూనిఫారం జాగ్రత్త."

ఎస్సై జాగ్రత్తగానే వంగాడు. మోకాలికి గ్రీజు అంటింది.

"ఎడమ జాయింటు సూడండి. బయటి పక్క బొట్టుండాది."

"ఉంటుంది. ఆదివారం మహానవమి. ఆయుధపూజ చేశారు. ప్రతి బోల్టుకీ పసుపు రాసి కుంకం పెట్టారు. రావుగారు భక్తిపరుడు."

"కుడిది సూడండి. ఈ కొత్తది. బయటి పక్క బొట్టు ల్యాదు. లోపలి పక్క, ఇరుసు ఎదురుగా, మూడు పసుపు గీతలు, నడమ కుంకుమ. గ్రీజు కింద ఉండాది."

"అయితే ఏంటి? లోపలి పక్క పెట్టారు."

"మీరొక బొట్టు పెట్టి సూపించండి సార్."

ఎస్సై చెయ్యి పెట్టాడు. చూపుడువేలు రెండో కణుపు దాకా పోయి ఇరుక్కుంది. ఇంకో వేలు పెట్టబోయి మణికట్టు గీరుకున్నాడు. వేలును బయటికి లాక్కోవడానికి కాపలా కానిస్టేబుల్ సాయం కావలసి వచ్చింది. కానిస్టేబుల్ నవ్వలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో అది నేర్చుకున్నాడు.

"ఆడికి వేలు పోవల్లంటే చక్రం ఇప్పల్ల," అన్నాడు యూనుస్, బయటికి వచ్చి. "బొట్టు పెట్టినప్పుడు ఈ జాయింటు బండికి ల్యాదు. ఇంట్లో పీట మీద, దేవుని పటాల ముందర ఉండాది. పూజ ఆదివారం సందేళ. అంటే ఆదివారం సందేళ దాంకా కొత్తది ఇంట్లోనే ఉండాది, పాతదే బండికి ఉండాది."

ఎస్సై వేలు ఊదుకుంటూ ఆలోచించాడు. "సరే. ఆదివారం రాత్రి బిగించి ఉంటారు. సోమవారం వీడు కొత్త జాయింటుతోనే, తాగి దొర్లించాడు."

యూనుస్ సంచిలోంచి పగిలిన జాయింటు తీసి ఎస్సై అరచేతిలో పెట్టాడు. పార్సిల్ రసీదు దాని మీద పెట్టాడు. ఉత్తరం దాని మీద పెట్టాడు. ఏడున్నరకు కండక్టరు చూసింది చెప్పాడు. చెయ్యి ఊపిన సంగతి కూడా చెప్పాడు.

ఎస్సై ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఆయన ముఖంలో వెటకారం తగ్గింది.

"డాక్టరు సావు టైము ఏం రాసినాడు సార్?"

"తొమ్మిదికి అటూ ఇటూ. ఆయన తొమ్మిదింబావుకి వచ్చాడు. వొళ్లు వెచ్చగానే ఉందన్నాడు. దెబ్బ లోపల తగిలిందంట."

"బండి పడింది?"

"ఏడు." ఆ మాట అన్నాక ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మరి సారా?"

"అదే అడగల్ల. రావుసారును అడుగుదాం, రాండి."

రావు గారింట్లో గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తోంది. టైముకు పోవడానికి అలా పెట్టుకున్నారట. అది పది నిమిషాలు ముందున్నదని అందరికీ తెలుసు కాబట్టి, అందరూ పది నిమిషాలు తీసేసుకుని చూస్తారు. అద్దాల బీరువాలో పింగాణీ కప్పులు డజను ఉన్నాయి. కాఫీ మాత్రం సొట్టలు పడ్డ గ్లాసుల్లో వచ్చింది. బల్ల మీద తాళం కప్పకు కూడా గుడ్డ తొడిగి ఉంది.

"అడగండి, దాచేదేముంది," అన్నారు చెన్నకేశవరావు గారు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ మడత మాదిరి ఉన్నారు. "నా స్టేట్‌మెంటు కాపీ కూడా ఉంది నా దగ్గర."

"ఆరు యాభైకి దేవపాలు బండెక్కేటప్పుడు మీరు పక్కనే ఉండారా సార్?"

"పక్కనే. టెంకాయ నేనే కొట్టినాను. ఏడింటికి ముహూర్తం, మొదటి సాలు. వాడు బొట్టు పెట్టించుకోనన్నాడు, వాని మతం వానిది. నేనేమీ అనుకోలేదు."

"శానా దగ్గరగా ఉండారు."

"బెత్తెడు దూరం. హారతి ఇస్తాంటి కదా."

యూనుస్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మీరు పొరపాటు పడింటారు సార్. విజయదశమి పొద్దు, పూజ చేసిన బండి. దాని మీదికి సారాయి వాసన కొట్టే మనిషిని ఎక్కనిస్తిరి. మడి ఆచారం ఉండే ఇంట్లో ఎట్ల ఎక్కనిస్తిరో నాకు అర్థం కాల్యా. ఊర్లో గూడా అదే అనుకొంటాండారు."

రావు గారు లేచి నిలబడ్డారు. "ఎవరు అనుకొంటాండేది? ఛీ! నేనా? మా ఇంటి గడపలో ఉల్లిగడ్డ వాసన గూడా ఆగదు. పది గజాల అవతల సారాయి ఉంటే నాకు వాంతి వస్తుంది. వాడు శుద్ధంగా స్నానం చేసి, ఉతికిన చొక్కా ఏసుకొని వచ్చినాడు. వాని మీద సబ్బు వాసన తప్ప ఇంకోటి రాలేదు! ఏ దేవుని ముందరైనా చెప్తా!"

ఎస్సై జేబులోంచి పెన్సిలు తీశాడు. రావు గారు ఆ పెన్సిలును చూశారు. తన స్టేట్‌మెంటు కాపీని చూసుకున్నారు. మెల్లగా మళ్లీ కూర్చున్నారు.



"కొత్త జాయింటు మీ దగ్గర పద్నాలుగు దినాలు ఉండె సార్," అన్నాడు యూనుస్. "యాల బిగించల్యా?"

"కొత్తది." రావు గారు తాళం కప్ప మీది గుడ్డను సరిచేశారు. "మైనం కాగితంలో చుట్టి, డబ్బాలో ఉండె. ఉన్నది ఎట్లో పని చేస్తానే ఉండె కదా. ఇది బిగిస్తే ఇదీ అరుగుతుంది. నవమికి పూజలో పెట్టి, దశమి కానిచ్చి బిగిద్దామనుకొంటి. దేవపాలు మూడుసార్లు అడిగినాడు. మూడోసారి కసురుకొంటి."

యూనుస్‌కు కోపం రావలసిన చోట అది రాలేదు. ఆయన భార్య ఖమర్‌బీ ఒక్క పట్టుచీరను కలరా ఉండల మధ్య ట్రంకు పెట్టెలో దాచి, మంచి రోజు చూసి కట్టుకుంటానంటూ ఏళ్లు గడిపి, నాలుగేళ్ల కిందట పోయింది. ఆ చీర మడత ఇప్పటికీ విప్పలేదు.

"బండి వొరిగినాక?"

"వాడు ఎగిరి గట్టు మీద పడినాడు. రక్తం రాలేదు. పొట్ట పట్టుకొని నొప్పి అన్నాడు, మాట్లాడతానే ఉన్నాడు. కార్డు మీద 'అమర్చబడినది' అని నేను రాసిచ్చినాను కదప్పా. పాతది బండికి ఉంటే నేను అబద్ధం రాసినట్టు. ముప్పై రెండేళ్ల సర్వీసు నాది. ముందు జాయింటు సంగతి చూసి, తర్వాత డాక్టరుకు కబురు చేద్దామనుకొంటిమి. తగిలిన దెబ్బ బయటికి కనపడలేదు కదా. కనపడింటే పంపనా?"

"అనుకొంటిమి అంటే, ఎవురెవురు సార్?"

రావు గారు తన చేతుల్ని బల్ల మీద పెట్టి చూపించారు. "ఈ చేతులతో పానా పట్టి ఎరగను. బిగించింది పాలయ్య. సారాయి సీసా తీసింది గూడా వాడే, అది వాందే. నేను ఆ పక్కకు చూడలేదు. వచ్చే సోమవారం నుంచి బండి నడపరమ్మని మాత్రం చెప్పినాను. ఎవరో ఒకరు నడపాల కదా."

ఎస్సై రాయడం ఆపి యూనుస్ వైపు చూశాడు. "పాలయ్యంటే..."

"ఆయమ్మ తమ్ముడు," అన్నాడు యూనుస్. "గురువారం నాడు నా గదిలో గోడకు ఆనుకొని నిలబడినోడు."

ఇద్దరూ పల్లె చివరి వరస ఇళ్ల దాకా నడిచారు. మధ్యలో ఎస్సై ఒక్కసారి, "మా ఊళ్లోనూ మా నాన్న గొడుగు వాన్లో తడుస్తుందని చంకలో పెట్టుకుని తడుస్తా వచ్చేవాడు," అన్నాడు. నవ్వించడానికి అన్నాడో ఏమో, ఇద్దరూ నవ్వలేదు.

నాలుగు గంటల ఎండ. ఎలిజబెత్ వసారాలో విత్తనానికి చెనిక్కాయలు వలుస్తోంది. పాలయ్య పక్కన కూర్చుని పొట్టు చెరుగుతున్నాడు. ఎస్సై టోపీ కనపడగానే అతని చేతిలో చేట ఆగిపోయింది.

"మీ ఆయన తాగి బండి ఎక్కల్యామ్మా," అన్నాడు యూనుస్. "రావుసారే ఒప్పుకున్యాడు. ఎస్సై సారు రాసుకున్యాడు. బండిదే తప్పు. జాయింటు పగిలి పడింది."

ఎలిజబెత్ ఒళ్లోని కాయల్ని నేల మీదికి దించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవలేదు.

"రేపు ఆయన పేరు సదవచ్చు."

"సదవచ్చు."

యూనుస్ అక్కడితో ఆగుదామనుకున్నాడు. పెళ్లికొడుకుల కేసుల్లో ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ దగ్గి ఊరుకోవాలో ఆయనకు బాగా అలవాటు. సంచి భుజానికి తగిలించుకున్నాడు కూడా.

"మరి ఆయన కడుపులోకి సారాయి యాడ్నించి వచ్చె అన్నా?"

ఎస్సై తన బూట్లు చూసుకున్నాడు.

"తాగి ఎక్కల్యా అంటిరి. పడతానే పానం పోయింటే, సచ్చినోని నోట్లో పోసినా గొంతు దిగదు. డాక్టరు కడుపులో ఉండాది అన్యాడు." ఆమె ఒక్కొక్క మాటా నేల మీద పేర్చుకుంటున్నట్టు అంది. అప్పుడు తల తిప్పి తమ్ముణ్ని చూసింది. "నాకు కబురు తెచ్చింది నువ్వే కదరా పాలా. తొమ్మిదిన్నరకు. అంతదాంకా యాడుండావు?"

పాలయ్య చేటను కిందపెట్టాడు.

"బిర్నా, తొందరగా బిగించమన్యాడక్కా సారు. అయిపోతానే డాక్టరును పిలుద్దామన్యాడు. మర బిగుసుకపోయి శానాసేపు పట్టె. బావ మాట్లాడతానే ఉండె. నాకు తెలీల్యా అక్కా, లోపల అంత అయిందని. ప్రభువు తోడు, నాకు తెలీల్యా."

"నీళ్లు అడిగినాడా?"

"అడిగినాడు."

"ఏమిచ్చినావు?"

"బాయి దూరమక్కా. పానా ఇడిసి పోవద్దన్యాడు సారు. నా కాడ సీసా ఉండె. నొప్పి తెలీకుండా పోతాదని..." పాలయ్య మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "మొగం తిప్పుకున్యాడు బావ. నేనే గడ్డం పట్టుకొని పోసినా."

"మింగినాడా?"

"దప్పిక మీద ఉండె కదక్కా."

ఎలిజబెత్ చేయి చాచింది. కొడుతుందనుకుని పాలయ్య కళ్లు మూసుకున్నాడు. ఆమె అతని జుట్టులో ఇరుక్కున్న చెనిక్కాయ పొట్టును తీసి పక్కన పడేసింది. తల్లి పోయాక ఆ తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది ఆమే.

"పోలీసోళ్లు తాగి సచ్చినాడు అని రాసినప్పుడు నువ్వు పక్కనే ఉండావు. ప్రొద్దుటూరుకు గూడా నా ఎంబడి వస్తివి. బస్సులో నా పక్కనే కూసుంటివి."



ఎస్సై గొంతు సవరించుకున్నాడు. ఆ ఊరికి వచ్చిన ఎనిమిది నెలల్లో ఎవరితోనూ అంత మెల్లగా మాట్లాడి ఉండడు. "చూడమ్మా. మీ ఆయన తాగి బండెక్కలేదని రావుగారి మాట మీదే రాసేస్తాను. గుడికి అది చాలు. ఆ తర్వాతది రాస్తే మీ తమ్ముడి మీదకొస్తుంది. డాక్టర్ని పిలవలేదు, సాక్ష్యం మార్చాడు, సారా పోశాడు. చిన్న కేసు కాదు. వాడు తప్ప నీకు మగదిక్కు లేదంటున్నారు. ఆలోచించుకో."

పాలయ్య అక్క కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆమె అతన్ని లేవమనలేదు, జరగమనలేదు. గుమ్మం పక్క గూట్లో దేవపాలు పాటల పుస్తకం, దాని మీద దువ్వెన ఉన్నాయి. ఆమె వాటి వైపు చూడలేదు. వలిచిన గింజల్ని ఒక పక్కకు, వలవని కాయల్ని ఒక పక్కకు తోసింది. మధ్యలో కొంచెం ఖాళీ చేసింది.

"ఈడ కూసో సారూ," అంది. "నిలబడి రాస్తే అక్షరాలు సరిగ రావు."

ఎస్సై కూర్చున్నాడు. బూటు కింద ఒక కాయ పటుక్కున పగిలింది. పుస్తకం తెరిచి, పెన్సిలు మొన చూసుకున్నాడు.

"సాక్షి పేరు?"

"ఎలిజబెత్. దేవపాలు పెండ్లాన్ని." పెన్సిలు కదలడం కోసం ఆగింది. అది రాసి ఆగాక తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి, మిగిలింది చెప్పింది. "పాలయ్యకు అక్కను. రాసుకో."